లారీ నుదుట పసుపు పట్టీ

పోయిన రంజాన్ తర్వాత వారానికి భాయిజాన్ ఒక పెయింటర్‌ని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చాడు. మా పాత షెడ్డు తాళం తీయించి, దుమ్ము పట్టిన లారీ చుట్టూ అతన్ని రెండుసార్లు తిప్పాడు. "మొత్తం గీకేసి, పుట్టీ పెట్టి, ఎర్రగా మెరిసేలా కొట్టాలి. హైవే మీద మన హోటల్ ముందు నిలబెడతా. జనం ఫోటోలు దిగుతారు, దాదాజాన్ పేరు కూడా నిలబడుతుంది" అన్నాడు. ఇరాదా మంచిదే. ఆ లారీ మీద భాయిజాన్‌కి ఉన్న మొహబ్బత్‌ని నేను ఏ రోజూ శంకించలేదు. కానీ పెయింటర్ జేబులోంచి ఇసుక కాగితం ముక్క తీసి, "చూద్దాం, కింద ఏముందో" అంటూ డోరు మీద గీకబోతే నా చెయ్యి అడ్డం పోయింది. అక్కణ్ణుంచి మొదలైంది గొడవ.

అది 1966 మోడల్ టాటా లారీ. దాదాజాన్ దాన్ని 1971లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాదీ గాజులు, ఒక గేదె, మిగతాది అప్పు. దాదాజాన్ వాళ్ల అబ్బా గుంటూరులో జట్కా తోలాడు. దాదాజాన్ పదిహేనేళ్లు మరొకరి లారీకి డ్రైవర్‌గా చేశాడు. మా ఖానదాన్‌లో ఎవరి పేరుతోనైనా సర్కారు కాగితం పుట్టిందంటే మొదట పుట్టింది ఆ లారీకే. పొలం లేదు, ఇంటి పట్టా లేదు. లారీ ఆర్‌సీ మీద మాత్రం దాదాజాన్ పేరు టైపు చేసి ఉండేది. ఆ పుస్తకాన్ని దాదీ ఖురాన్ షరీఫ్ ఉండే అల్మారాలోనే, కింది అరలో, గుడ్డలో చుట్టి పెట్టేది.

లారీ ముందు జాలీ మీద మూడు రెక్కల నక్షత్రం ఉంటుంది. మెర్సిడెస్ బెంజ్ గుర్తు. చిన్నప్పుడు బళ్లో, మాది బెంజ్ బండి అని కోతలు కోసేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. జంషెడ్‌పూర్‌లో 1945లో రైలింజన్ల కోసం పెట్టిన టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందం పదిహేనేళ్లు నడిచి 1969లో ముగిసింది. ఆ తర్వాత వచ్చిన బండ్ల మీద నక్షత్రం పోయి, టాటా వాళ్ల సొంత గుర్తు వచ్చింది. అంటే నక్షత్రం ఉన్న టాటా లారీ ఎక్కడ కనబడ్డా అది ఆ పదిహేనేళ్లలో పుట్టిందే. ఆ జమానాలో మన రోడ్ల మీద దీనికి జోడీ మద్రాసు నుంచి వచ్చే అశోక్ లేలాండ్. ఏది గొప్పదన్న బహస్‌లో టీ కొట్టు దగ్గర డ్రైవర్లు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లేవారని అబ్బా చెప్పేవాడు.

కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్, ఇంజను, ముందు బోనెట్ మాత్రమే. క్యాబిన్, వెనక తొట్టి కట్టించుకోవడం ఓనర్ పని. 1960ల్లో బెజవాడలో ఆటోనగర్ వచ్చాక మన వైపు లారీలన్నీ అక్కడికే పోయేవి. చెక్క పని ఒకరిది, రేకు పని ఒకరిది, వెల్డింగ్ ఒకరిది, రంగు ఇంకొకరిది. అందులో మన మొహల్లాల నుంచి వెళ్లిన ఉస్తాద్‌లు, శాగిర్ద్‌లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. జంషెడ్‌పూర్ ఫ్యాక్టరీ కట్టినవాళ్ల తస్వీర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మా లారీ క్యాబిన్ కట్టిన కారీగర్ నిషానీ మాత్రం కిటికీ చెక్క మీద అతని ఉలి వదిలిన గీతలు, డోరు మీద అతని జోడీదారు కుంచె వదిలిన వెంట్రుక. అవును, వెంట్రుకే. ఎడమ డోరు మీద పసుపు రంగులో ఒక కుంచె వెంట్రుక అతుక్కుని యాభై ఏళ్లుగా అలాగే ఉంది.

ఇంత పాత రంగు మిగలడమే ఆశ్చర్యం. ట్రాన్స్‌పోర్ట్ లైన్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, ఎఫ్‌సీకి పోయే ముందు బండికి రంగు కొట్టించడం రివాజు. కొత్త కోటు కింద పాతది పోతూ ఉంటుంది. దాదాజాన్ మాత్రం పిసినారి. బంపరు, తొట్టి, నంబరు ప్లేటు వరకే కొత్త రంగు. క్యాబిన్‌ని డీజిల్ గుడ్డతో తుడిపించి, "మెరుస్తోందిగా, ఇంకేం కావాలి?" అనేవాడట. ఆ పిసినారితనమే ఇవాళ మాకు తారీఖ్ అయింది.

రంగు పెచ్చులూడిన చోట దగ్గరగా చూస్తే ఉల్లిపాయ పొరల్లా కనబడుతుంది. అన్నిటికంటే కింద రేకు, దాని మీద ఎర్ర రెడ్ ఆక్సైడ్, దాని మీద నీలం. ఆ నీలం మొదటి ఓనర్‌ది. నీలం మీద దాదాజాన్ వేయించిన పసుపు. మామిడిపండు పసుపు కాదు, ఇంకొంచెం ముదురు, పసుపుకొమ్ము విరిస్తే లోపల కనబడేలాంటిది. డ్రైవర్ తలుపు దగ్గర, మోచెయ్యి ఆనించే అంచున, పసుపు అరిగి నీలం, నీలం అరిగి ఎరుపు, నడిమధ్యన రేకు. ఇరవై మూడేళ్ల పాటు మొదట దాదాజాన్ మోచెయ్యి, తర్వాత అబ్బాది. ఇంగ్లీషువాళ్లు ఇలాంటి దాన్ని పటీనా అంటారు. అసలు ఆ మాట రాగి, కంచు మీద పట్టే పచ్చని పొరకి పుట్టింది. ఇప్పుడు కాలం, చెయ్యి కలిసి ఏ వస్తువు మీద వదిలిన రంగుకైనా వాడుతున్నారు.

డోర్ల కింది అంచున జంగు ఉంది. పైనుంచి కాదు, లోపలి నుంచి తిన్న జంగు. దాని కహానీ అబ్బా నోట చాలాసార్లు విన్నాను. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. నాలుగో రోజున మా మొహల్లా జమాత్ వాళ్లు బియ్యం, బట్టలు, వంట గిన్నెలు పోగేస్తే దాదాజాన్ లారీ కట్టాడు. చల్లపల్లి దాటాక రోడ్డు ఎక్కడుందో, మడి ఎక్కడుందో తెలియలేదట. ఉప్పునీళ్ల బురదలో ఒక రాత్రంతా బండి దిగబడింది. పొద్దున ఊళ్లోవాళ్లు తాళ్లు కట్టి లాగారు. అబ్బాకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ రోజు చూసినవి ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. "నీళ్లు పోయాయి, ఉప్పు మిగిలింది" అనేవాడు. తిరిగొచ్చాక పైపైన కడిగారు. డోరు లోపలికి పోయిన ఉప్పుని ఎవరు కడుగుతారు? ఆ జంగు అప్పుడు మొదలైంది. కొత్త డోర్లు చేయించడం భాయిజాన్ లెక్కలో మొదటి ఖర్చు.

ఇక నుదురు. అద్దం పైన క్యాబిన్ నుదుటి మీద తెల్ల గుండ్రంలో ఆకుపచ్చ 786 ఉండేది. బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీమ్ అక్షరాలకి అబ్జద్ లెక్కలో విలువలు వేసి కూడితే వచ్చే అంకె. ఇలా అంకె రాయడం కొందరు ఉలమాలకి ఇష్టం ఉండదు, ఆ బహస్ ఇక్కడొద్దు. దాదాజాన్ జమానాలో లారీ, ఆటో, మటన్ కొట్టు, టైలర్ షాపు, ఎక్కడ చూసినా ఆ అంకె ఉండేది. లారీ వెనక తొట్టి మీద మాత్రం తెలుగులో 'అమ్మ దీవెన' అని రాయించాడు. "ముందు ఉన్నది నాకూ అల్లాకీ మధ్య. వెనక ఉన్నది వెనకొచ్చే బండివాడు చదువుకోడానికి" అనేవాడట.

ఇప్పుడు నుదుటి మీద 786 కనబడదు. అక్కడ చేతి వెడల్పున ఒక పట్టీలా వేరే పసుపు ఉంది. నిమ్మకాయ పసుపు. చుట్టూ ఉన్న ముదురు రంగుతో కలవని రంగు, అంచులు వంకర. చిన్నప్పుడు ఒకసారి అడిగితే అబ్బా "రంగు ఊడింది, పూశాం" అన్నాడు. అంతకు మించి మాట రాలేదు.

1992 డిసెంబర్‌లో నాకు తొమ్మిదేళ్లు. అబ్బా పత్తి బేళ్ల లోడుతో హైదరాబాద్ వైపు వెళ్లి అయిదు రోజులు రాలేదు. అమ్మీ నమాజ్ చాప మీద నుంచి లేవలేదు. అబ్బా వచ్చాడు, స్నానం చేశాడు, పడుకున్నాడు. మాకు తెలిసింది అంతే. ఆ తర్వాత ఏడాదిన్నరకి దాదాజాన్ ఇంతెకాల్ అయ్యాడు. అబ్బా వేరే బండి కొన్నాడు, ఈ లారీ షెడ్డెక్కింది. నుదుటి పట్టీ మీద ఇంకో కోటు పడలేదు. ఎవరూ దాన్ని సరిచెయ్యలేదు కూడా.

రెండేళ్ల కింద అబ్బా పోయారు. విరాసత్ పంపకంలో ఇల్లు, కొంచెం సొమ్ము తేలిగ్గానే తేలాయి. లారీ దగ్గరే చిక్కు. అయిదు హిస్సాల్లో భాయిజాన్‌వి రెండు, నావి రెండు, ఆపాది ఒకటి. నేనూ భాయిజాన్ చెరోవైపు లాగితే తీర్పు ఆపా చేతిలోకి పోతుంది. ఆపా ఇద్దరి మాటా విని ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఈ లోపల నేనొక బేవకూఫ్ పని చేశాను, దాచను. రంగు కాపాడాలని వాదించినవాణ్ణి నేనే కదా, ముందు శుభ్రం చేసి చూపిద్దామనుకున్నాను. డ్రైవర్ తలుపు లోపలివైపు దాదాజాన్ సొంత చేత్తో తెల్ల రంగుతో దాదీ పేరు రాశాడు. దాని మీద నల్లగా జిడ్డు. కొంచెం థిన్నర్ గుడ్డకి అద్ది తుడిచాను. జిడ్డుతో పాటు చివరి అక్షరం కూడా గుడ్డలోకి వచ్చేసింది. ఆ గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది, పారెయ్యలేకపోయాను. దాదీ పేరు ఇప్పుడు సగంలో ఆగినట్టు ఉంటుంది.

ఆ దెబ్బకి భయం పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. పాత బండ్ల శౌక్ ఉన్నవాళ్లకి ప్రపంచమంతటికీ కలిపి ఫివా అనే సంస్థ ఉంది, 1966లో పారిస్‌లో పుట్టింది, మా లారీ వయసే. పాత కట్టడాల విషయంలో ప్రపంచ నిపుణులు 1964లో వెనిస్‌లో ఒక చార్టర్ రాసుకున్నారు. దాని బాటలోనే ఫివా 2012లో ట్యూరిన్ చార్టర్‌ని ఆమోదించింది. దాని సారం మన మాటల్లో చెప్పాలంటే, బండి మీద వాడకం వదిలిన గుర్తులు కూడా బండిలో భాగమే. ఉన్నదాన్ని నిలబెట్టడం ముందు, కొత్తగా చెయ్యడం ఆ తర్వాత, అదీ తప్పనిసరైతేనే. ఇందులో కొత్తేముంది అనిపించింది నాకు. మన ఇళ్లల్లో ముత్తాతల నాటి ఖురాన్ షరీఫ్‌కి అట్ట ఊడితే అట్ట కుట్టిస్తాం. అక్షరాల మీద కొత్త సిరా దిద్దిస్తామా?

మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తాయి. అవి టూ వీలర్లకీ సొంత వాడకం కార్లకీ. జిందగీ అంతా బరువు మోసిన లారీని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నవాబుల రోల్స్ రాయిస్‌లు మ్యూజియంలలో ఉంటాయి, సరే. వడ్లు, మిర్చి, పత్తి మోసిన బండ్లన్నీ తుక్కు కిందకి పోయాయి.

భాయిజాన్‌ని నిజంగా ఆలోచనలో పడేసింది ఇవేవీ కాదు, సీసం. పాత పసుపు ఎనామెల్స్‌లో లెడ్ క్రోమేట్ ఉండేది. ఆ పసుపు అంత గట్టిగా నిలిచిందంటే కారణం అదే. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దగ్గర 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కాలం రంగుని పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చేతుల నుంచి అన్నంలోకి పోతుంది, చిన్నపిల్లలకి మరీ ప్రమాదం. మా షెడ్డు పక్కనే పిల్లలు ఆడుకుంటారు. "గీకించే ముందు ఇది ఆలోచించు భాయిజాన్" అన్నాను. మీ ఇళ్లల్లో పాత ఇనప పెట్టెలు, గేట్లు, ఊయల స్టాండ్లు ఉంటే మీరు కూడా ఇసుక కాగితం పట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ రాత్రి ఆపా ఫోన్ చేసింది. "మీ ఇద్దరూ ఇంజను తీసుకోండి, టైర్లు తీసుకోండి, తొట్టి తీసుకోండి. నా ఒక్క హిస్సా కింద నాకు రంగు రాసివ్వండి" అంది. భాయిజాన్ నవ్వాడు. నవ్విన తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఇసుక కాగితం పెయింటర్‌కి అడ్వాన్స్ మాఫీ చేసి పంపించేశాడు.

పని నెమ్మదిగా సాగింది. బ్రేకులు, వైరింగ్, రబ్బర్లు కొత్తవి వేయించాం. అందులో పాతదనం కోసం పట్టుపట్టడం హిమాకత్. రంగు జోలికి మాత్రం మెత్తటి సబ్బు నీళ్లు, నూలు గుడ్డ, అంతే. ప్రెషర్ వాటర్ పెడితే లేచిన పెచ్చులన్నీ కొట్టుకుపోతాయి. వేలితో రుద్దితే పసుపు పొడి అంటుకునే చోట్లు ఉన్నాయి. ఎండకి ఎనామెల్‌లోని నూనె చచ్చిపోయి రంగు సున్నంలా పొడి రాలుతుంది. అక్కడ గట్టిగా రుద్దకూడదు. తెలిసిన మెకానిక్ ఒకాయన అవిసె నూనె రాయమన్నాడు. రాస్తే మొదట్లో మెరుస్తుంది నిజమే, కానీ అది దుమ్ముని పట్టుకుని, ఏళ్ల మీద గోధుమ రంగు తిరిగి గట్టిపడి, తియ్యాలంటే కింది రంగు కూడా వచ్చేస్తుంది. మేం మ్యూజియంల వాళ్లు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాశాం, ముందు కంటికి కనబడని మూల అరచెయ్యంత చోట రాసి నెల రోజులు చూసిన తర్వాతే.

దివిసీమ జంగు దగ్గర డోర్లు మార్చలేదు. లోపలివైపు ఉప్పుని మంచినీళ్లతో పలుమార్లు కడిగి, ఆరబెట్టి, టానిన్ ఉన్న ద్రావణం పూశాం. అది జంగుతో కలిసి నల్లని గట్టి పొర అవుతుంది. ఈ హునర్ మన పెద్దలకి కొత్తది కాదు. కరక్కాయ నీళ్లలో ఇనుము వేస్తే నల్లబడుతుంది, దానితోనే ఖాతిబ్‌లు రోష్నాయి చేసుకునేవారు. బయటివైపు మాత్రం పూయలేదు, నలుపు కనబడుతుంది కాబట్టి. అక్కడ మైనం మాత్రమే.

చివరికి మిగిలింది నుదుటి పట్టీ. ఈసారి నేనూ భాయిజాన్ ఒకే మాట మీద ఉన్నాం. నిమ్మ పసుపు ఒక్కటే కోటు, పల్చన. ఓపికగా తీస్తే కింద ఆకుపచ్చ 786 బయటికి వస్తుంది. ఆ అవమానాన్ని చెరిపేద్దాం అన్నాడు భాయిజాన్. నాకూ అదే అనిపించింది. కానీ అసలేం జరిగిందో తెలుసుకోకుండా చెయ్యి వెయ్యాలనిపించలేదు. అప్పటి క్లీనర్ అన్న నరసరావుపేట దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడని తెలిసి ఫోన్ చేశాను. అబ్బా పోయినప్పుడు కూడా వచ్చి మూల నిలబడి వెళ్లిన మనిషి.

"ఆ రంగు మీ నాన్న వెయ్యమనలేదు బాబూ" అన్నాడు. "సూర్యాపేట దాటాక డాబా దగ్గర ఆపాం. రేడియోలో వార్తలు. ముందర ఎక్కడో బండ్లు ఆపి చూస్తున్నారని ఎవరో అన్నారు. నిజమో అబద్ధమో నాకిప్పటికీ తెలీదు. ఆయన బండిలో పడుకుని ఉన్నాడు. నేనే సైకిల్ షాపువాణ్ణి లేపి ఒక చిన్న డబ్బా పసుపు కొన్నా. బానెట్ ఎక్కి పూశా. పొద్దున లేచి చూసి ఏమీ అనలేదు. గుడ్డతో నా చేతులు తుడిచాడు. డబ్బా డబ్బులు మాత్రం లెక్కలో కట్ చెయ్యొద్దన్నాడు."

ఇన్నేళ్లు నేను దాన్ని మా భయం అనుకున్నాను. అబ్బా తన చేత్తో తన ఈమాన్ మీద రంగు పూసుకున్నాడనుకుని లోపల ఎక్కడో ఆయన మీద ఒక ఫిర్యాదు కూడా ఉండేది. పట్టీ పూసిన చెయ్యి వేరే ఊరి, వేరే ఇంటి, హనుమాన్ మాల వేసుకునే ఇరవై ఏళ్ల కుర్రాడిది. అబ్బా మాకెందుకు చెప్పలేదో తెలియదు. భయపడ్డ రాత్రి గురించి పిల్లలకి ఏ మాటలతో చెప్పాలో ఆయనకి తోచి ఉండదు. నేనైనా నా పిల్లలకి ఎలా చెబుతానో ఇంకా తెలియదు.

ఈ సంగతి చెప్పాక భాయిజాన్ పట్టీ తీసే మాట మళ్లీ ఎత్తలేదు. దాని మీద కూడా మైనం రాశాం, దాదాజాన్ పసుపు మీద రాసినట్టే. తియ్యకపోయినా 786 పోలేదు. పాతకాలం కుంచె అక్షరాల రంగు మందంగా ఉంటుంది, దాని అంచు పై కోటు కింద నుంచి కూడా ఉబ్బుగా తేలుతుంది. ఫజర్ తర్వాత, ఎండ షెడ్డు తలుపులోంచి అడ్డంగా పడే పావుగంట, నిమ్మ పసుపు మీద ఏడు, ఎనిమిది, ఆరు నీడల్లా లేస్తాయి. ఎండ పైకెక్కితే మాయం.

లారీని హోటల్ దగ్గరకి తీసుకెళ్లే ముందు రోజు క్లీనర్ అన్న వచ్చాడు. నేను పొద్దున్నే రమ్మన్నాను. కళ్లజోడు సరిచేసుకుని నుదుటి వైపు చాలాసేపు చూశాడు. అంకెలు కనబడ్డాయో లేదో నేనడగలేదు. "చీకట్లో పూశాను కదా, ఎడమ పక్క వంకర పోయింది" అన్నాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, అలవాటు కొద్దీ, అద్దం తుడవడం మొదలుపెట్టాడు.